ప్రజారోగ్య సిబ్బందికి నాయకత్వ శిక్షణ: పనికొచ్చిందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఐదు రోజుల నాయకత్వ శిక్షణ ముగించుకుని ఒక ప్రజారోగ్య అధికారి సోమవారం ఆఫీసుకు తిరిగొస్తారు. చేతిలో సర్టిఫికెట్, నోట్‌బుక్ నిండా ఆలోచనలు. బల్ల మీద ఐదు రోజుల ఫైళ్ళు. పై అధికారి అడిగే మొదటి మాట, "ఏం, రెస్ట్ బాగా దొరికిందా?" ఆ వారంలోనే ఎక్కడో విరేచనాల కేసులు మొదలవుతాయి. మూడు వారాలు గడిచేసరికి ఆ నోట్‌బుక్ ఏ సొరుగులో ఉందో కూడా గుర్తుండదు. శిక్షణ ఇచ్చిన సంస్థ రిపోర్టులో మాత్రం ఆ కార్యక్రమానికి ఐదుకు 4.7 మార్కులు వచ్చి ఉంటాయి.

ఆ 4.7 అబద్ధం కాదు. ఆ అధికారికి శిక్షణ నిజంగానే నచ్చింది. కాకపోతే ఆ మార్కు చివరి రోజు మధ్యాహ్నం ఆ గదిలో ఉన్న ఉత్సాహాన్ని చెబుతుంది, అంతే. మనకు తెలియాల్సింది సోమవారం తర్వాతి సంగతి. శిక్షణకు ముందే ఏం సిద్ధం చేసుకోవాలి, తర్వాత ఎవరిని ఏం అడగాలి, వచ్చిన జవాబులను ఎంతవరకు నమ్మాలి అన్నది ఇక్కడ వరసగా చెబుతాను. శిక్షణ నడిపేవాళ్ళకు, దానికి డబ్బు పెట్టేవాళ్ళకు, "ఈ బ్యాచ్ ఫలితం ఏమిటో తేల్చండి" అనే పని ఉన్నట్టుండి నెత్తిన పడిన ఉద్యోగులకు ఇది ఉపయోగపడాలని నా ఆశ.

ప్రజారోగ్యంలో ఇది ఎందుకు అంత తేలిక కాదు

అమ్మకాల మేనేజర్‌కు శిక్షణ ఇస్తే వచ్చే మూడు నెలల అమ్మకాలు చూసి కొంత అంచనాకు రావచ్చు. ప్రజారోగ్యంలో మంచి నాయకత్వం చాలాసార్లు ఒక ఉపద్రవం జరగకపోవడం రూపంలో ఉంటుంది. వ్యాపించకుండా ఆగిన వ్యాధిని ఎవరూ లెక్కపెట్టరు. పైగా ఈ ఉద్యోగాల్లో బాధ్యత ఎక్కువ, అధికారం తక్కువ. తాగునీరు ఒక శాఖది, బడులు ఇంకో శాఖవి, చెత్త ఎత్తే పని స్థానిక సంస్థది. వాళ్ళెవరూ ఆరోగ్య అధికారి మాట వినితీరాలని లేదు. ఒప్పించుకోవాలి. సగం డేటాతోనే నిర్ణయం తీసుకోవాలి. తెలిసింది, ఇంకా తెలియనిది రెండూ ప్రజలకు దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో నాయకత్వం అంటే ఎక్కువగా ఇదే.

ఈ లోటు కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1988లోనే ఒక నివేదికలో ప్రజారోగ్య వ్యవస్థకు నాయకత్వం అవసరమని గట్టిగా చెప్పింది. 1991లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మద్దతుతో అక్కడ ప్రజారోగ్య నాయకులకు జాతీయ స్థాయి శిక్షణ సంస్థ మొదలైంది. ఆ తర్వాత ఇలాంటి కార్యక్రమాలు చాలా దేశాల్లో వచ్చాయి. అయినా వాటి మీద జరిగే మూల్యాంకనాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ పాల్గొన్నవాళ్ళ సొంత అభిప్రాయం దగ్గరే ఆగిపోతున్నాయి. నాకు బాధ కలిగించే విషయం అదే.

1. ఈ జవాబుతో ఎవరు, ఏం నిర్ణయిస్తారు?

ప్రశ్నాపత్రం తయారు చేయకముందే ఈ ప్రశ్న వేయండి. 1999లో సీడీసీ ప్రజారోగ్య కార్యక్రమాల మూల్యాంకనానికి ఆరు మెట్ల పద్ధతి ఒకటి ఇచ్చింది. అందులో మొదటి మెట్టు డేటా సేకరణ కాదు. సంబంధం ఉన్నవాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడటం. చివరి మెట్టు, తెలుసుకున్నది వాడకంలోకి వచ్చేలా చూడటం. మధ్యలో మనం చేసే లెక్కలన్నీ ఈ రెండింటి కోసమే.

డబ్బు పెట్టేవారికి "కొనసాగించాలా, ఆపాలా" అన్నది కావాలి. శిక్షకులకు "ఏ భాగం మార్చాలి" అన్నది కావాలి. ఉద్యోగిని పంపే ఆఫీసుకు "మావాడు ఐదు రోజులు లేకపోతే మాకేం ఒరిగింది" అన్నది కావాలి. మూడూ వేర్వేరు ప్రశ్నలు. వాటికి కావలసిన ఆధారాలూ వేరు. ఒక్కొక్కరితో అరగంట మాట్లాడి, వాళ్ళు తీసుకోబోయే నిర్ణయాన్ని ఒక వాక్యంలో రాయించుకోండి. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే మూల్యాంకనం ఫార్మాలిటీ కోసం అడుగుతున్నారని అర్థం. ఆ సంగతి మొదట్లోనే తెలియడం మంచిది.

చివరికి మూడు, నాలుగు ప్రశ్నలే మిగలాలి. పన్నెండు ప్రశ్నలతో మొదలుపెట్టినవాళ్ళు ఒక్కదానికీ గట్టి జవాబు తేలేకపోవడం చాలాసార్లు చూశాను.

2. "నాయకత్వం" అనే మాటను కంటికి కనిపించే పనులుగా విడగొట్టండి

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇది. శిక్షణ ప్రణాళికల్లో "ఆత్మవిశ్వాసం పెంపొందించడం", "దార్శనికత", "సమన్వయ నైపుణ్యం" అని రాసి ఉంటుంది. వీటిని ఉన్నది ఉన్నట్టు కొలవలేం. ఒక్కొక్క మాట దగ్గర ఆగి శిక్షకులను అడగండి: "ఇది వచ్చిన మనిషి ఆఫీసులో ఏం వేరుగా చేస్తారు? పక్కన నిలబడి చూస్తే నాకేం కనిపిస్తుంది?"

సమన్వయం అంటే, వ్యాధి వ్యాప్తి అనుమానం వచ్చినప్పుడు నీటి శాఖకు ఉత్తరం రాసి ఊరుకోకుండా అదే రోజు ఫోన్ చేసి ఇద్దరూ కలిసి క్షేత్రానికి వెళ్ళడం కావచ్చు. డేటాతో నిర్ణయం తీసుకోవడం అంటే, ప్రతి వారం వచ్చే వ్యాధుల నిఘా రిపోర్టును (ఎక్కడ ఎన్ని కేసులు వచ్చాయో చెప్పేది) టీమ్‌తో కలిసి చదివి, ఆ వారం ఏం మార్చాలో రాసుకోవడం. బృందాన్ని నడపడం అంటే, సమీక్ష సమావేశంలో కింది స్థాయి సిబ్బంది చెడ్డ వార్తను భయపడకుండా చెప్పగలగడం. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది కానీ, కేసులు ఆలస్యంగా బయటపడటం వెనక ఆ భయమే ఉండటం మామూలే.

ఈ పనులను శిక్షణకు, దాని ఫలితానికి మధ్య గొలుసులా రాయండి. శిక్షణలో నేర్చుకున్నది ఏమిటి, దాంతో ఆఫీసులో మారే పని ఏమిటి, ఆ పని మారితే సేవలో మారేది ఏమిటి, చివరికి ప్రజల ఆరోగ్యంలో ఏం మారవచ్చు. ప్రతి లింకు దగ్గరా "ఇది జరగాలంటే ఇంకేం ఉండాలి?" అని అడిగి ఆ జవాబు పక్కన రాయండి. వారపు సమీక్ష జరగాలంటే డేటా సమయానికి రావాలి. పక్క శాఖతో కలిసి వెళ్ళాలంటే వాహనం ఉండాలి. రేపు ఫలితం రాకపోతే గొలుసు ఎక్కడ తెగిందో చెప్పేది ఈ రాతే.

ఇదే సమయంలో శిక్షణ రూపకల్పనను కూడా ఒకసారి చూడండి. 2017లో 335 నమూనాలను కలిపి విశ్లేషించిన ఒక పరిశోధనలో నాయకత్వ శిక్షణ మొత్తం మీద పనిచేస్తుందనే తేలింది. ముందుగా అవసరాలు తెలుసుకుని తయారు చేసినవి, నేర్చుకున్నది చేసి చూసే అవకాశం ఇచ్చినవి, ఫీడ్‌బ్యాక్ ఇచ్చినవి, ఒకేసారి కుక్కేయకుండా విడతలుగా జరిపినవి మెరుగ్గా పనిచేశాయి. మీరు చూడబోయే కార్యక్రమంలో ఇవేవీ లేకుండా ఐదు రోజులూ స్లైడ్లే ఉంటే, ఆరు నెలలు ఆగి కొలవక్కర్లేదు. ఆ మాట ముందే చెప్పి మార్పించండి.

3. చట్రం ఎంచుకోండి, కానీ దానికి కట్టుబానిస కావద్దు

శిక్షణల మూల్యాంకనం మీద పనిచేసిన డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో మొదలుపెట్టి రాసిన వ్యాసాల్లో శిక్షణను నాలుగు అంచెల్లో చూడమన్నారు: పాల్గొన్నవారి స్పందన, నేర్చుకున్నది, పనిలో ప్రవర్తన, ఫలితాలు. ఇప్పటికీ ఎక్కువమంది వాడేది ఇదే. సులువుగా అర్థమవుతుంది, ఎవరికైనా వివరించవచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే, మొదటి అంచె బాగుంటే మిగతావీ బాగుంటాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. శిక్షణ "నచ్చింది" అన్న మాటకూ, నేర్చుకోవడానికీ, పనిలో వాడటానికీ మధ్య సంబంధం చాలా తక్కువని 1997లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ చూపింది. "నా పనికి ఉపయోగపడుతుంది" అన్న జవాబుకు మాత్రం కొంత మెరుగైన సంబంధం కనిపించింది. కాబట్టి చివరి రోజు ఫారంలో భోజనం, హాలు, శిక్షకుల మాటతీరు గురించిన ప్రశ్నలు తగ్గించి ఇవి పెట్టండి: "వచ్చే నెలలో మీరు వేరుగా చేయబోయే ఒక పని ఏమిటి? దానికి అడ్డం పడేది ఏమిటి? ఎవరి సాయం కావాలి?" ఈ మూడు జవాబులు దాచిపెట్టండి. తర్వాత ఫాలో అప్‌కు ఇవే ఆధారం.

నాయకత్వం విషయంలో నాలుగు అంచెలు సరిపోవనిపిస్తే ఎవాల్యులీడ్ అనే చట్రం చూడండి. 2005లో అమెరికాలోని పబ్లిక్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చింది. మార్పును వ్యక్తిలో, సంస్థలో, సమాజంలో అని మూడు స్థాయిల్లో చూస్తుంది. వెంటనే కనిపించే మార్పు, నెమ్మదిగా ఎదిగే మార్పు, మనిషి చూపునే మార్చేసే మార్పు అని విడదీస్తుంది. అన్నీ అంకెల్లోకి రావన్న సంగతిని ఈ చట్రం ఒప్పుకుంటుంది, అందుకే నాకు నచ్చుతుంది.

పెట్టిన ప్రతి రూపాయికి ఎంత తిరిగొచ్చిందో లెక్క కట్టే పద్ధతులూ ఉన్నాయి. ప్రజారోగ్య నాయకత్వానికి వాటిని వాడొద్దనే నా సలహా. ఊహల మీద ఊహలు పేర్చి చివర ఒక అంకె వస్తుంది. ఆ అంకెను మాత్రం అందరూ నిజమని పట్టుకుంటారు.

4. శిక్షణకు ముందే కొలవండి, కొలబద్ద మారుతుందని గుర్తుంచుకోండి

మూల్యాంకనం గురించి శిక్షణ అయిపోయాక గుర్తొస్తే సగం అవకాశం పోయినట్టే. మొదటి రోజుకు కనీసం రెండు, మూడు వారాల ముందు ఆరంభ స్థితిని నమోదు చేయాలి.

ఇక్కడొక చిక్కుంది, చాలామందిని కంగారు పెడుతుంది. శిక్షణకు ముందు "కష్టమైన సంభాషణలను ఎంత బాగా నడపగలరు?" అని అడిగితే ఒకరు ఐదుకు 4 వేసుకుంటారు. శిక్షణలో అది ఎంత లోతైన విద్యో తెలిశాక అదే ప్రశ్నకు 3 వేసుకుంటారు. అంకెలు చూస్తే శిక్షణ వల్ల మనిషి దిగజారినట్టు ఉంటుంది. నిజానికి పెరిగారు. మారింది కొలబద్ద. తన గురించి తనకు తెలియకుండా వేసుకున్న 4 అది.

దీనికి మార్గం, శిక్షణ తర్వాత ఒకే ఫారంలో పక్కపక్కనే రెండు గడులు ఇవ్వడం: "శిక్షణకు ముందు నేను ఎక్కడున్నాననుకుంటున్నాను", "ఇప్పుడు ఎక్కడున్నాను". రెండింటికీ ఒకే కొలబద్ద పడుతుంది. అలాగని దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. శ్రమపడి నేర్చుకున్నాం కాబట్టి పెరిగామని చూపించుకోవాలనే కోరిక అందరికీ ఉంటుంది. నేనైతే ముందు ఒకసారి మామూలుగా అడుగుతాను, తర్వాత ఈ రెండు గడులతో అడుగుతాను, రెండూ రిపోర్టులో పెడతాను. వాటి మధ్య తేడా కూడా చెప్పుకోదగిన సమాచారమే.

అసలు సొంత మార్కుల కంటే గట్టి ఆధారం పరిస్థితి ఇచ్చి రాయించడం. ఒక పేజీలో ఒక సంఘటన ఇవ్వండి: రెండు వాడల్లో కామెర్ల కేసులు పెరుగుతున్నాయి, నీటి పరీక్ష ఫలితం రాలేదు, స్థానిక విలేకరి ఫోన్ చేస్తున్నారు, మీ సిబ్బందిలో ఇద్దరు సెలవులో ఉన్నారు. మొదటి 24 గంటల్లో ఏం చేస్తారో, ఎవరితో ఏం మాట్లాడతారో రాయమనండి. శిక్షణకు ముందు ఒకటి, తర్వాత అంతే కష్టమైన మరొకటి. సగం మందికి ఒక వరసలో, మిగతా సగానికి తిరగేసి ఇస్తే, రెండో ప్రశ్న తేలిక కాబట్టి బాగా రాశారన్న అనుమానం ఉండదు. పేర్లు, తేదీలు తీసేసి, ఏది ముందు రాసిందో ఏది తర్వాత రాసిందో తెలియని ఇద్దరితో దిద్దించండి.

5. శిక్షణ లేకపోయినా ఈ మార్పు వచ్చేదేమో?

నాయకత్వ శిక్షణకు ఎవరిని పంపుతారు? చాలా చోట్ల అప్పటికే చురుగ్గా ఉన్నవాళ్ళను. వాళ్ళు శిక్షణ లేకపోయినా పైకి వచ్చేవాళ్ళు. కొన్ని చోట్ల దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: ఆ ఏడాది పనితీరు బాగా పడిపోయిన ప్రాంతం వాళ్ళను పంపుతారు. ఎప్పుడూ ఉండేదాని కంటే బాగా కిందికి పడిన అంకె మరుసటి ఏడాది దానంతట అదే కొంత పైకి వస్తుంది. ఆ పెరుగుదలను శిక్షణ ఖాతాలో వేయడం తప్పు.

పోలిక బృందం కావాలనగానే "కొందరికి శిక్షణ ఇవ్వకుండా ఆపాలా?" అని అభ్యంతరం వస్తుంది. ఆపక్కర్లేదు. ఎలాగూ అందరికీ ఒకేసారి ఇవ్వడానికి సీట్లు ఉండవు. మొదటి బ్యాచ్, రెండో బ్యాచ్, మూడో బ్యాచ్ అని వరస ఉంటుంది. ఆ వరసను లాటరీ వేసి నిర్ణయిస్తే, ఇంకా శిక్షణ రాని బ్యాచ్ అప్పటికి పోలిక బృందం అవుతుంది. ప్రజారోగ్యానికి ఈ ఆలోచన బాగా పరిచయమైనదే. 1980ల చివర్లో గాంబియాలో హెపటైటిస్ బి టీకాను దేశమంతటా ఒకేసారి కాకుండా ప్రాంతాలవారీగా దశల్లో ప్రవేశపెట్టి, దాని ప్రభావాన్ని కొలిచేందుకు ఆ క్రమాన్నే వాడుకున్నారు.

పోలిక బృందం కుదరని చోట మూల్యాంకన నిపుణుడు జాన్ మేన్ ప్రతిపాదించిన పద్ధతి ఆదుకుంటుంది. పైన 2వ భాగంలో రాసుకున్న గొలుసు తీసుకుని, ప్రతి లింకుకూ ఆధారం దొరికిందా అని చూస్తారు. ఆ మార్పుకు ఇంకేం కారణాలు ఉండవచ్చో నిజాయితీగా రాస్తారు: కొత్త సిబ్బంది వచ్చారా, అదనపు నిధులు వచ్చాయా, పై నుంచి కొత్త ఉత్తర్వు వచ్చిందా. వాటన్నింటినీ పరిశీలించాక శిక్షణ పాత్ర ఎంత ఉందనిపిస్తుందో చెబుతారు. "శిక్షణ వల్లే" అనకుండా "శిక్షణ కూడా ఒక కారణం, ఇవిగో ఆధారాలు" అనడం తక్కువేమీ కాదు. చాలా కార్యక్రమాలకు దక్కగలిగిన నిజాయితీ జవాబు అదే.

6. చుట్టూ ఉన్నవాళ్ళను అడగండి, కాగితాలను చదవండి

నాయకత్వం ఎలా ఉందో నాయకుడి కంటే ఆయన కింద పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు. అందుకే పై అధికారి, సమాన స్థాయివాళ్ళు, కింది సిబ్బంది అందరినీ అడిగే 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ వాడతారు. అది పనిచేయాలంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఒక్కో వర్గం నుంచి కనీసం ముగ్గురు జవాబివ్వకపోతే ఆ వర్గం జవాబులను విడిగా చూపించకండి, ఎవరు ఏమన్నారో తెలిసిపోతుంది. ప్రశ్నలు గుణాల మీద కాకుండా పనుల మీద ఉండాలి. "ఆమె మంచి నాయకురాలేనా?" అని కాక, "గత నెలలో మీ సలహా వల్ల ఆమె ఒక నిర్ణయం మార్చుకోవడం చూశారా?" అని అడగండి. అన్నిటికంటే ముఖ్యం, ఈ జవాబులు ప్రమోషన్ ఫైలులోకి వెళ్ళకూడదు. ఆ మాట రాతపూర్వకంగా ఇచ్చి, నిలబెట్టుకోవాలి. ఒక్కసారి మాట తప్పితే ఆ ఆఫీసులో ఇక ఎవరూ నిజం చెప్పరు.

మనుషులు చెప్పేది ఒక ఎత్తు, కాగితాలు చెప్పేది ఇంకో ఎత్తు. నాకు బాగా నమ్మకమున్న ఆధారం సమావేశాల మినిట్స్. శిక్షణకు ముందు జరిగిన ఆరు సమీక్షలవి, తర్వాత జరిగిన ఆరింటివి తీసుకోండి. మూడు విషయాలు లెక్కపెట్టండి: ఎన్ని నిర్ణయాల పక్కన బాధ్యుడి పేరు, గడువు తేదీ ఉన్నాయి, వాటిలో ఎన్నింటిని తర్వాతి సమావేశంలో మళ్ళీ అడిగారు, ఎన్ని చోట్ల డేటా చూసి నిర్ణయం మార్చారు. ఒక ఆఫీసులో నేను ఇలా చూసినప్పుడు, శిక్షణకు ముందు "తగు చర్యలు తీసుకోవాలని నిర్ణయించడమైనది" అన్న వాక్యమే పేజీల కొద్దీ ఉంది. నాలుగు నెలల తర్వాతి మినిట్స్‌లో పేర్లు, తేదీలు కనిపించాయి. ఆ మార్పును ఏ సర్వే కూడా అంత స్పష్టంగా చూపించలేదు. అలాగని మినిట్స్ బాగా రాయడం నేర్పినంత మాత్రాన పని జరిగినట్టు కాదు కదా, అందుకే రాసిన నిర్ణయాల్లో మూడింటిని ఎంచుకుని నిజంగా జరిగాయో లేదో వెళ్ళి చూడాలి.

వీలైతే ఒకటి, రెండు సమావేశాల్లో వెనక కూర్చోండి. ఎవరు ఎంతసేపు మాట్లాడారో, ప్రశ్న అడిగినవాళ్ళకు ఏం జవాబు వచ్చిందో గమనించండి.

ఎప్పుడు కొలవాలన్నదానికి నా లెక్క ఇది: చివరి రోజు, మూడు నెలలకు, ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య మరోసారి. మూడు నెలలకు అలవాటు మొదలైందా అన్నది తెలుస్తుంది. ఏడాదికి అది నిలబడిందా అన్నది తెలుస్తుంది.

7. తిరిగి వెళ్ళిన కుర్చీని కూడా కొలవండి

1988లో బాల్డ్విన్, ఫోర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు, నేర్చుకున్నది పనిలోకి రావడం మూడింటి మీద ఆధారపడుతుందని వివరించారు: నేర్చుకునే మనిషి, శిక్షణ తీరు, పనిచేసే చోటు. మనం మొదటి రెండింటి మీదే దృష్టి పెడతాం. మూడోదాన్ని వదిలేస్తాం. మొదట్లో చెప్పిన అధికారి విషయంలో నోట్‌బుక్ సొరుగులోకి పోయింది శిక్షణ బాగాలేక కాదు. "రెస్ట్ బాగా దొరికిందా" అని అడిగిన ఆఫీసులో దాన్ని తెరిచే చోటు లేక.

కాబట్టి మూడు నెలల సర్వేలో ఇవి తప్పకుండా అడగండి. తిరిగొచ్చిన మొదటి రెండు వారాల్లో మీ పై అధికారి శిక్షణ గురించి మీతో కూర్చుని మాట్లాడారా? కొత్తగా ఏదైనా చేయడానికి మీకు అనుమతి, సమయం దొరికాయా? మీ ఆఫీసు నుంచి ఇంకెవరైనా ఇదే శిక్షణ తీసుకున్నారా? ఇప్పటికీ అదే పోస్టులో ఉన్నారా?

చివరి ప్రశ్న తేలిగ్గా తీసుకోకండి. ప్రజారోగ్యంలో బదిలీలు తరచుగా జరుగుతుంటాయి. ఆరు నెలల్లో బ్యాచ్‌లో సగం మంది వేరే చోటికి వెళ్ళిపోతే, పాత ఆఫీసు డేటాలో మార్పు వెతకడంలో అర్థం లేదు. బదిలీ అయినవాళ్ళ జాబితా విడిగా పెట్టుకుని, కొత్త చోట ఏం చేస్తున్నారో అడగాలి. నైపుణ్యం మనిషితో పాటే వెళుతుంది కాబట్టి ఇది నష్టం కాకపోవచ్చు. లెక్కలో మాత్రం ఉండాలి.

ఒక్కొక్కరిని కాకుండా ఒకే చోట పనిచేసే టీమ్ మొత్తానికి, వాళ్ళ సొంత సమస్య మీదే శిక్షణ ఇచ్చే పద్ధతి ఒకటుంది. కెన్యాలో ఆరోగ్య బృందాలకు అలాంటి నాయకత్వ కార్యక్రమం జరిపి, శిక్షణ రాని బృందాలతో పోల్చి చూశారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం శిక్షణ పొందిన బృందాల దగ్గర సేవలు అందుకునేవారు పెరిగారు. టీమ్‌గా వెళ్ళినప్పుడు తిరిగొచ్చాక ఒంటరిగా మిగిలిపోయే సమస్య ఉండదు. ఫలితం వెనక అది కూడా ఉందని నా నమ్మకం.

8. బాగా వాడినవాళ్ళను, అసలు వాడనివాళ్ళను వెతికి మాట్లాడండి

డబ్బు, సమయం తక్కువగా ఉంటే మిగతా భాగాలన్నీ కుదించి అయినా దీన్ని చేయండి. శిక్షణల మూల్యాంకన నిపుణుడు రాబర్ట్ బ్రింకర్‌హాఫ్ చెప్పిన విజయ గాథల పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ముందు అందరికీ ఐదు ప్రశ్నల చిన్న సర్వే పంపి, నేర్చుకున్నది వాడి చెప్పుకోదగిన ఫలితం సాధించామన్నవాళ్ళను, ఏమీ వాడలేకపోయామన్నవాళ్ళను గుర్తిస్తారు. రెండు వైపుల నుంచీ నలుగురైదుగురిని ఎంచుకుని ఒక్కొక్కరితో దాదాపు గంట మాట్లాడతారు.

విజయం చెప్పినవారి దగ్గర మెచ్చుకుంటూ కూర్చోకూడదు, తవ్వాలి. "ఏం చేశారు? ఎప్పుడు? అంతకు ముందు ఎలా ఉండేది? ఇది శిక్షణ లేకుండా చేసేవారు కాదని ఎందుకు అనుకుంటున్నారు? దీన్ని చూసినవాళ్ళు ఇంకెవరున్నారు? వాళ్ళతో మాట్లాడవచ్చా?" ఈ చివరి ప్రశ్న దగ్గర కొన్ని కథలు కరిగిపోతాయి. నిలబడినవి నిజంగా విలువైనవి.

వాడలేకపోయినవారితో మాట్లాడేటప్పుడు గొంతులో పొరపాటున కూడా నింద వినిపించకూడదు. "మిమ్మల్ని పరీక్షించడానికి రాలేదు, మీకు అడ్డం పడింది ఏమిటో తెలుసుకోవడానికి వచ్చాను" అని ముందే చెప్పండి. శిక్షకులకు అందే సమాచారంలో అన్నిటికంటే పదునైనది వీళ్ళ దగ్గర నుంచే వస్తుంది. ఒక మహిళా పర్యవేక్షకురాలు నాతో అన్న మాట ఇది: "సార్, నాకు చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ మీటింగ్ పెట్టే అధికారం నాకు లేదు. మీటింగ్ ఎలా నడపాలో మాత్రం నేర్పారు." ఆ ఒక్క మాటతో ఆ కార్యక్రమంలో ఎవరిని చేర్చుకోవాలన్న నియమమే మారింది.

9. ఆరోగ్య ఫలితాల దాకా వెళ్ళాలా?

వెళ్ళవచ్చు, కానీ దగ్గరి సూచికల వరకే. నాయకత్వ శిక్షణ వల్ల మాతృ మరణాలు తగ్గాయని ఒక ఏడాదిలో నిరూపించబోవడం వ్యర్థం. ఒక ప్రాంతంలో ఏడాదికి జరిగే మరణాల సంఖ్య చిన్నది. అది యాదృచ్ఛికంగానే పైకీ కిందికీ ఊగుతుంది.

నాయకుడి నిర్ణయంతో నేరుగా కదిలేవాటిని ఎంచుకోండి: నిఘా రిపోర్టులు సమయానికి వచ్చిన వారాలు, అత్యవసర మందులు అయిపోయిన రోజులు, టీకా మొదటి డోసు వేయించుకుని మూడో డోసుకు రాని పిల్లల శాతం, ఖర్చు కాకుండా పడి ఉన్న బడ్జెట్. వ్యాధుల వ్యాప్తి విషయంలో 7-1-7 అనే లక్ష్యం బాగా పనికొస్తుంది: వ్యాప్తి మొదలైన 7 రోజుల్లో గుర్తించడం, 1 రోజులో అధికారులకు తెలపడం, 7 రోజుల్లో తొలి స్పందన చర్యలు పూర్తి చేయడం. ప్రతి సంఘటనకూ తేదీలు ఉంటాయి కాబట్టి శిక్షణకు ముందూ తర్వాతా పోల్చవచ్చు. ఆలస్యం ఎక్కడ జరిగిందో కూడా తెలుస్తుంది.

పోల్చేటప్పుడు ఒకే ఋతువుతో ఒకే ఋతువును పోల్చండి. వానాకాలాన్ని ఎండాకాలంతో పోల్చి విరేచనాలు తగ్గాయనడం చాలా పెద్ద పొరపాటు. ఇంకొకటి: నాయకత్వం మెరుగైతే కొన్నాళ్ళు కేసులు పెరిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే దాచకుండా రిపోర్టు చేయడం మొదలవుతుంది. ఈ విషయం డబ్బు పెట్టేవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. లేకపోతే మంచి ఫలితాన్ని చూసి వాళ్ళు టెన్షన్ పడతారు.

10. అంకెలను వాటి స్థాయికి మించి మాట్లాడించకండి

బ్యాచ్‌లో 24 మంది ఉంటే శాతాలు రాయకండి. "75 శాతం మంది" అనే కంటే "24 మందిలో 18 మంది" అనడం నిజానికి దగ్గర. సర్వేకు జవాబివ్వనివాళ్ళు ఎంతమందో తప్పకుండా చెప్పండి. సాధారణంగా జవాబివ్వనివాళ్ళలోనే శిక్షణ వాడనివాళ్ళు ఎక్కువ ఉంటారు.

సగటు దగ్గర ఆగిపోవద్దు. మహిళలకు, క్షేత్రస్థాయి సిబ్బందికి, మారుమూల పోస్టుల్లో ఉన్నవాళ్ళకు ఫలితం ఎలా ఉందో విడిగా చూడండి. మొత్తం సగటు బాగుండి, ఎక్కువ అవసరమున్నవాళ్ళకు ఏమీ అందని కార్యక్రమాలు ఉంటాయి.

శిక్షణ ఇచ్చిన సంస్థే తన శిక్షణకు తానే మార్కులు వేసుకుంటే ఎంత నిజాయితీగా చేసినా అనుమానం పోదు. బయటివారిని పెట్టుకునే స్తోమత లేకపోతే కనీసం ఇంటర్వ్యూలు వేరే వాళ్ళతో చేయించండి, లేదా ఇలాంటి శిక్షణ నడిపే మరో సంస్థతో ఒకరి బ్యాచ్‌ను మరొకరు చూసేలా ఒప్పందం చేసుకోండి.

11. రిపోర్టు రెండు పేజీలు, తర్వాత ఒక సమావేశం

పెద్ద రిపోర్టు అవసరమైతే రాయండి. కానీ దాని ముందు రెండు పేజీలు ఉండాలి. పైన 1వ భాగంలో రాయించుకున్న నిర్ణయాల వాక్యాలను అలాగే పెట్టి, ఒక్కొక్కదాని కింద మన జవాబు, అది ఎంత గట్టిదో, ఏం చేయమంటున్నామో రాయాలి. ఈ రెండు పేజీలు పాల్గొన్నవాళ్ళకూ పంపండి. వాళ్ళ సమయం తీసుకుని, వాళ్ళ మాటలు తీసుకుని, ఫలితం చెప్పకపోవడం మర్యాద కాదు.

రిపోర్టును ఈమెయిల్ చేసి వదిలేయకుండా గంటన్నర సమావేశం పెట్టండి. శిక్షకులు, డబ్బు పెట్టినవారు, ఉద్యోగులను పంపిన ఆఫీసుల పెద్దలు, శిక్షణ పొందినవాళ్ళలో ఇద్దరు తప్పనిసరిగా రావాలి. ప్రతి సిఫార్సు దగ్గరా ఒప్పుకుంటున్నారా లేదా, ఒప్పుకుంటే ఎవరు చేస్తారు, ఎప్పటికల్లా అన్నది అక్కడే రాసుకోండి. పాల్గొనేవాళ్ళ మినిట్స్‌లో మనం వెతికింది అదే కదా.

ఆ కాగితాన్ని మళ్ళీ తెరిచే తేదీని కూడా అదే రోజు క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆరు నెలలు చాలు. ఆ రోజు తర్వాతి బ్యాచ్ దరఖాస్తు ఫారం తీసి చూడండి. "శిక్షణ నుంచి తిరిగొచ్చిన రెండు వారాల్లోపు వీరితో కూర్చుని, అమలు చేయబోయే పని గురించి మాట్లాడతాను" అనే వాక్యం, దాని కింద పై అధికారి సంతకానికి గడి ఆ ఫారంలో చేరాయో లేదో చూడండి. చేరి ఉంటే, ఎన్ని ఫారాల్లో ఆ సంతకం ఉందో లెక్కపెట్టి, ఆ అంకెను కొత్త బ్యాచ్ ఆరంభ స్థితి డేటాలో మొదటి వరసలో రాయండి.